నిన్న నేనెక్కడున్నాను?

మంగళవారం, కాల్గరీ

మా టీమ్‌లో జూనియర్ హర్ష పంపిన కోడ్ మార్పును ఈరోజు రివ్యూ చేశాను. కంప్యూటర్ చిప్ పనితీరును అనుకరించే మా సిమ్యులేటర్‌లో ఒక ప్రాసెసర్ కొత్త విలువ రాసేముందు, పక్క ప్రాసెసర్ తన పాత కాపీని చెరిపేసేదాకా ఆగాలి. హర్ష ఆ ఆగడాన్నే తీసేశాడు. నడిపి చూస్తే, ఎప్పుడో చెరిగిపోవలసిన అంకె మళ్లీ మళ్లీ పైకి వచ్చింది.

ఫోన్ చేసి అడిగాను.

“మీరే తీసేయమన్నరు కదక్కా? నిన్న సాయంత్రం అప్రూవ్ కూడా చేసిన్రు.”

పాత కామెంట్లు తెరిచి చూస్తే నిన్నటి తేదీన నా పేరుతో కామెంట్ ఉంది, అచ్చం నేను రాసే తీరులోనే. ఒక్క మాట కూడా గుర్తు లేదు. వెంటనే అప్రూవల్ రద్దు చేశాను.

మా ఆయనను అడిగితే, “నిన్న సాయంత్రమంతా ల్యాప్‌టాప్ ముందే ఉన్నావుగా. టీ ఇస్తే నవ్వావు కూడా,” అన్నారు.

నిన్న సాయంత్రం నేను చర్చిలో పాటల ప్రాక్టీస్‌కి వెళ్లాను. ఉండబట్టలేక, మాకు పాటలు నేర్పే శాంతి ఆంటీకి ఫోన్ చేశాను.

“నిన్న రాలేదేమ్మా? కొత్త పాట మొదలుపెట్టాం. అంతకుముందు ఎవరూ విననిది, నేనే రాశా.”

డాక్టర్‌కి చూపించుకోవాలి. కానీ ఏమని చెప్పను? ఆ పాట మూడు చరణాలూ నాకు వచ్చు.