ఇన్సూరెన్స్ వాళ్ల ఫోను ఎత్తండి

ఏవండీ, కల్బాలో మేడమ్ వాళ్లమ్మ గారింట్లో పనుందని కారు పంపారు, వెళ్తున్నాను. అన్నం, చారు మూతపెట్టి ఉంచాను, తినండి. మీ ఫోను ఛార్జింగులో పెట్టాను. మధ్యాహ్నంలోపు ఇన్సూరెన్స్ వాళ్లు చేస్తారు, ఎత్తండి.

తాగుడు మాన్పించే వైద్యం మన కార్డులో రాదని నిన్న క్లినిక్ కౌంటర్లో చెప్పగానే "కడుపునొప్పని రాయించెయ్యవే" అన్నారు. నేను రాయించలేదు. కడుపునొప్పికి మాత్రలిచ్చి పంపేస్తారండీ, మీ చేతుల వణుకు తగ్గదు. అందుకే పొద్దున్నే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మొన్న ఫిట్స్ వచ్చి పడిపోయారని కూడా చెప్పాను. ఎమర్జెన్సీ కింద ఆస్పత్రిలో చేర్చుకోవడానికి ఒప్పుకోవచ్చట, కానీ ముందు మీతో మాట్లాడాలట. రోజూ తాగుతారా అని అడిగితే అవుననండి. పోర్టులో మీ పైనున్న ముదీర్‌కి చెప్పరట, అదీ అడిగాను.

మీరు కాదంటే ఖలాస్. నా మాట ఇంకెవరూ వినరు.

వీరలక్ష్మి

సిలిండరు వెనక సీసా చూశాను. పారబొయ్యలేదు. ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయని డాక్టరు అన్నాడు కదా. దాన్ని అక్కడే వదిలెయ్యడం నాకెంత కష్టమైందో మీకు తెలీదు.