తొమ్మిదో నంబరు సంతకం

జూన్ 19

పిట్టని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు.

మూడో తరగతి పిల్ల. ఎనిమిదేళ్లు. కొత్తగా వచ్చిన హెడ్ మిస్ట్రెస్ పొద్దున్నే వాళ్ల క్లాసుకి వచ్చి, ఒక్కొక్కళ్లనీ లేపి ఒకే పేజీ చదివించిందట. పదకొండు మంది చదవలేకపోయారు. ఆ పదకొండు మందీ ఇవాళ్టినుంచి రోజూ మొదటి గంటన్నర ఒకటో తరగతిలో కూర్చుని అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలట. అందులో నా కూతురొకతి.

తల కొట్టేసినట్టయింది. నా ఉద్యోగమేమిటి? స్కూలు గేటుకెదురుగా జెరాక్స్ షాపులో పొద్దస్తమానం టైపు కొట్టడం. సగం ఊరి అర్జీలు నా వేళ్ల కిందనుంచే వెళ్తాయి. నా కూతురికి చదవడం రాదు. రెండేళ్లుగా ప్రోగ్రెస్ కార్డులో రీడింగ్ ఎదురుగా ‘ఏ’ చూసుకుని మురిసిపోయి సంతకం పెట్టాను. పుస్తకం తీయించి ఒక్క లైను చదవమని అడిగిన పాపాన పోలేదు.

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. డ్యూటీ నుంచి వచ్చి, విని, టూల్ బాక్స్ దభీమని కింద పడేశాడు. నా పిల్లని పాలుతాగే పిల్లల్లో కూర్చోబెడుతుందా, ఆవిడ సంగతేంటో చూస్తా అన్నాడు.

జూన్ 24

ఒకటో తరగతి బెంచీలో మోకాళ్లు పట్టడం లేదట. కాళ్లు పక్కకి పెట్టుకుని కూర్చుంటోందట.

జూన్ 28

హెడ్ మిస్ట్రెస్‌కి పేరెంట్స్ పెట్టిన పేరు గంటమ్మ. తొమ్మిదింటికి తనే గంట కొడుతుంది, తనే గేటు వేస్తుంది. ఇవాళ ఐదు నిమిషాలు లేటయ్యాం. అందరి ముందూ, ఎదురుగా ఉన్న షాపు టైముకి తెరుస్తారు గానీ పిల్లని టైముకి తేలేరా అంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్లు మండిపోయింది. నాకూ ఆవిడంటే పడదు. తర్వాత మంచిదాన్నని చెప్పుకోకుండా ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

కానీ ఆవిడ ఇచ్చిన హోంవర్కు చూస్తే నోరు మూత పడింది. ఇంట్లో కనబడిన అచ్చక్షరమల్లా గట్టిగా చదవాలట. ఎక్కడైనా ఆగిపోతే పెద్దవాళ్లని అడిగి, మళ్లీ మొదటినుంచి చదవాలట. పిట్ట సబ్బు రేపరు చదివింది. దోమల మందు డబ్బా చదివింది, విషం అన్న చోట ఆగి, మళ్లీ మొదటినుంచి అందుకుంది. వాళ్ల నాన్న టూల్ బాక్స్ మీద స్టిక్కర్ చదివింది, ప్రమాదం, ముట్టుకోరాదు. ఆయన నవ్వాడు. అంతలోనే కోపంగా ఉన్నానని గుర్తొచ్చి టీవీ పెట్టుకున్నాడు.

జులై 3

ఇన్సూరెన్సాయన షాపుకొచ్చాడు. పేరెంట్స్ కమిటీకి ఆయనే పెద్ద. ఆయన కొడుకు నాలుగో తరగతి, వాణ్ణి కూడా కింది తరగతికి పంపారు. గంటమ్మని బదిలీ చేయాలని విద్యాశాఖ ఆఫీసుకి అర్జీ. ఆయన చెప్పాడు, నేను కొట్టాను. ఆయన వాక్యాలు ఎటో మొదలై ఎటో పోతాయి. నేనే సరిచేశాను. ‘పిల్లల మనసులు గాయపడుతున్నాయి’ అని ఆయన చెబితే, ‘పసి మనసులపై చెరగని మచ్చ’ అని కొట్టాను. అబ్బ, మీ చేతి చలవమ్మా అన్నాడు. ఛీ, నాకూ సంతోషమేసింది.

సంతకాల షీట్లు అందరికీ ఇచ్చేవే ఇచ్చాను. విషయం మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ వెనక షీట్లలో గళ్లు మాత్రమే, నంబరు, పేరు, పిల్లల తరగతి, సంతకం. పైన హెడ్డింగ్ ఉండదు. ఒకే ఫైలు, ఏ అర్జీకైనా అదే. ఆరేళ్లుగా ఇంతే.

మా ఆయన నాలుగోవాడుగా సంతకం పెట్టాడు.

జులై 4

నర్సమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేస్తుంది, కూతురు పిట్ట క్లాసే, ఆ పదకొండు మందిలో లేదు. గంటమ్మని ఉంచాలని వాళ్లో అర్జీ పెడతారట. నీ పిల్ల నేర్చుకుంటోందా లేదా, దేవుడి మీద ఒట్టేసి చెప్పు అంది. నేర్చుకుంటోంది అన్నాను. మరి సంతకం పెట్టడానికి మీ ఆయన పర్మిషన్ కావాలా అంది. రోషమొచ్చి పెట్టేశాను. తొమ్మిదో నంబరు.

ఇంట్లో చెప్పలేదు.

జులై 12

స్కూల్లో మీటింగు. చిన్న పిల్లల బెంచీల్లో అంత పొడుగు మనుషులు ఇరుక్కుని కూర్చుని గంటసేపు అరుచుకున్నారు. ఒకళ్లు, చదువు తర్వాత, ముందు పిల్ల నవ్వుతూ ఇంటికి రావాలి అన్నారు. ఒకళ్లు, నవ్వుతూ వచ్చి ఏం చేస్తాడు, బస్సు మీద బోర్డు చదవలేడు అన్నారు. ఒకాయనైతే, పాత హెడ్ మాస్టారు ఎంత మంచివారో, ఒక్కనాడూ ఒక్క కంప్లైంట్ లేదు అన్నాడు. ఆ మంచాయనే మా అందరికీ ‘ఏ’లు పంచిపెట్టింది.

గంటమ్మ చివర్లో లేచింది. కాస్త మెత్తగా మాట్లాడితే సగం మంది కరిగిపోయేవాళ్లు. మాట్లాడదే! మీ పిల్లల్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం అవమానమా, రెండేళ్లు మీరు అబద్ధపు కార్డుల మీద సంతకాలు పెట్టడం అవమానం కాదా అంది. చదవకుండా సంతకం పెట్టడం మీ అలవాటు, పిల్లలకి మాత్రం నేను అంటనివ్వను అంది. ఇన్సూరెన్సాయన లేచి బయటికి పోయాడు, వెనకాలే మా ఆయన. నేను బెంచీలోంచి కాళ్లు లాక్కునేసరికి అందరూ వెళ్లిపోయారు.

జులై 19

అర్జీలు రెండూ ఇవాళే వెళ్లాయి. ఇన్సూరెన్సాయనవి ఇరవై మూడు సంతకాలు, నర్సమ్మవి నలభై ఒకటి. ఇద్దరూ ఒక్కసారే కౌంటర్ మీద పడ్డారు. ఆఫీసుకి ఒరిజినల్‌తో పాటు ఓ కాపీ కావాలి. నర్సమ్మ మొదటి పేజీలో ఒక మాట మార్చమంది, మళ్లీ ప్రింట్ తీసిచ్చాను. డ్యూటీకి టైమవుతోందని గోల. ఓనరు ఫోన్‌లో ఒకటే అరుపులు. ఎలాగో కవర్లు అంటించి ఇద్దర్నీ పంపేశాను. తలనొప్పి.

జులై 30

ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. అర్జీ మీద అరవై నాలుగు మంది పేరెంట్స్ సంతకాలున్నాయి, ఇంక విచారణ దేనికి, బదిలీ అన్నాడు. నర్సమ్మ కాగితానికి ఆమె సంతకం ఒక్కటే ఉందట. షీట్లే లేవట.

అరవై నాలుగు. ఇరవై మూడూ, నలభై ఒకటీ.

షాపుకి పరిగెత్తుకొచ్చి స్కానర్ మెమరీ తీశాను. ఇన్సూరెన్సాయన మొదటి పేజీ. ఆయన షీట్లు రెండు. వాటి వెనకే నర్సమ్మ షీట్లు మూడు. మధ్యలో ఆమె మొదటి పేజీ లేదు, మళ్లీ ప్రింట్ తీయడానికి నేనే పక్కన పెట్టాను. కాగితాలన్నీ ఒకేసారి మిషన్లో పెట్టాను, ఐదు షీట్లూ ఒక్క కట్టగా వచ్చాయి, ఒక్క పిన్ను కొట్టాను. నర్సమ్మ కవర్లో ఒంటి కాగితం అంటించి ఇచ్చాను. ఆమె చూసుకోలేదు. మూడో షీటులో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతున్నాయి. ఆఫీసులో అదీ ఎవరూ చూడలేదు. లెక్కపెట్టారు, చదవలేదు.

తొమ్మిదో నంబరు దగ్గర నా పేరు. నా కూతురికి చదువు చెబుతున్న మనిషిని పంపించెయ్యమని నేను సంతకం పెట్టినట్టుంది.

జులై 31

నర్సమ్మ వచ్చి అడిగింది, షీట్లు కవర్లో పెట్టావు కదా అని. పెట్టాను అన్నాను. ఆఫీసులో ఎవరో లాగేసి ఉంటారు, మనవాళ్లలోనే సగం మంది అటు కూడా సంతకాలు పెట్టుంటారు, మనుషుల్ని నమ్మకూడదు అంది. అవును అన్నాను.

ఇన్సూరెన్సాయన కూడా వచ్చాడు. ఆయన సంతకాలెన్నో ఆయనకి తెలుసు. గొంతు తగ్గించి, మీ మేలు మర్చిపోనమ్మా అన్నాడు. కావాలనే చేశాననుకుంటున్నాడు.

ఆగస్టు 1, మధ్యాహ్నం 2

ఆఫీసుకి ఉత్తరం టైపు చేశాను. జరిగింది జరిగినట్టు. ముందు ‘పొరపాటు’ అని కొట్టి, తీసేసి, ‘నా నిర్లక్ష్యం’ అని మార్చాను. ప్రింట్ తీశాను. ఆఫీసు నడిచి వెళ్తే పది నిమిషాలు.

ఆగస్టు 1, సాయంత్రం 6

వెళ్లలేదు. ఇంకో తప్పు దొర్లితే వేరే పని చూసుకోమని మొన్ననే ఓనరు అన్నాడు. మా ఆయన నెల్లాళ్ల తర్వాత ఈలేసుకుంటూ ఇంటికొచ్చాడు. నేను అటు సంతకం పెట్టానని తెలిస్తే ఇల్లు రణరంగం. ఇవన్నీ నిజాలే. కానీ గేటు దగ్గర గంటమ్మ అందరి ముందూ అన్న ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది, అది అంతకన్నా నిజం. ఇంతే నా బుద్ధి. ఉత్తరం మడిచి ఈ డైరీలో పెట్టాను. రేపిస్తాను.

ఆగస్టు 2

రేపు.

ఆగస్టు 5

గంటమ్మ షాపుకొచ్చింది. బదిలీ ఆర్డరు కాపీ కావాలట. ఎప్పుడూ గేటు దగ్గర చూడటమే, కౌంటర్ ముందు నిలబడితే పొట్టి మనిషి.

మీ అమ్మాయికి గుణింతాలు వచ్చేశాయి, ఒత్తుల కోసం ఇంకో నెల కూర్చోబెట్టండి, వదిలేస్తే పోతుంది అంది. తర్వాత, ఆర్డరు ఇచ్చినప్పుడు అర్జీ నాకూ చూపించారు, నంబర్లు రెండుసార్లు ఒకటి నుంచి మొదలయ్యాయి అంది. మీ పేరూ చూశాను అంది. నేను చెబితే నా కోసం చెప్పుకుంటున్నానంటారు, కాగితాలు కుట్టినవాళ్లు చెబితే వేరు అంది.

అని, ఆగింది. కోపంగా కూడా లేదు. పిల్ల చదవడానికి తడుముకుంటుంటే ఎలా ఆగుతారో అలా ఆగింది.

ఎన్ని కాపీలు కావాలి మేడం అని అడిగాను.

రెండు అంది.

ఆగస్టు 6

ఇవాళ బడి గంట తొమ్మిదీ పన్నెండు నిమిషాలకి కొట్టారు.

సెప్టెంబర్ 20

కొత్త హెడ్ మాస్టారు నవ్వుల మనిషి. గేటు దగ్గర అందరికీ నమస్కారాలు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం ఎత్తేశారు. అందరూ సంతోషం. నర్సమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడటం మానేసింది, నలభై ఒక్క మందిలో ఏ ఒక్కర్నీ నమ్మదట. నన్ను తప్ప. నువ్వొక్కదానివే నిలబడ్డావు అంటుంది. విన్నప్పుడల్లా కౌంటర్ మీద కాగితాలు సర్దుతాను.

ఇవాళ ప్రోగ్రెస్ కార్డులిచ్చారు. ఆ పదకొండు మందికీ రీడింగ్ ‘ఏ’. మా ఆయన, చూశావా అన్నాడు. మిగతా పదిమంది సంగతి నాకు తెలియదు. పిట్టని నేను వదల్లేదు, రోజూ కూర్చోబెట్టి చదివిస్తున్నాను. ఆవిడకి చేసింది దీంతో తీరిపోతుందని నన్ను నేను నమ్మించుకుంటున్నాను.

సెప్టెంబర్ 22, సాయంత్రం 5

ఇంట్లో చదవడానికి ఇంకేం మిగల్లేదని పిట్ట ఈ డైరీ తీసింది. నా చేతిరాత దానికి అంతుపట్టలేదు. మధ్యలో మడిచిన కాగితం మాత్రం అచ్చులో ఉంది.

వేలు పెట్టి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. లాక్కోవచ్చు.

ఒక్క మాట దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

నిర్లక్ష్యం, అని అందించాను.

గంటమ్మ నేర్పినట్టే, మళ్లీ మొదటినుంచి అందుకుంది.