నువ్విచ్చిన కిడ్నీకి మందు తప్పనివ్వను

యాదమ్మా, ఎంత సంతోషంగా ఉందో! మన మనవరాలు స్వప్నకు నువ్విచ్చిన కిడ్నీ చక్కగా పనిచేస్తోందని ఇవాళ సూర్యాపేట దవాఖానలో చెప్పారు.

బిడ్డ ఒళ్లు దాన్ని పరాయిదని నెట్టెయ్యకుండా నెలనెలా నరంలోకి మందు ఎక్కిస్తారు కదా. మొన్న నీ సంవత్సరీకం నాడే ఆ సూదికి వెళ్లాల్సి వచ్చింది. ఆ పొద్దున్నే బిడ్డకు జ్వరం వచ్చింది.

మీ అక్క పసరు గిన్నెతో వచ్చి, "ఒక్క గుక్క మరిదీ, ఏమైతది?" అంది.

"డాక్టరమ్మను అడగంది ఏదీ తాగనియ్య వదినా," అని బిడ్డను బస్సెక్కించాను.

సూదికి ముందే జ్వరం సంగతి చెప్పాను. "మంచిగ చెప్పినవ్ తాతా, జ్వరం మీద ఈ మందు ఎక్కియ్యొద్దు," అని డాక్టరమ్మ పరీక్షలు చేయించి, జ్వరం పూర్తిగా తగ్గాక ఇవాళ ఎక్కించింది.

మన మునగాల దాకా బస్సులో అందరికీ ఈ మాటే చెప్పుకుంటూ వచ్చాను. మీ అక్క అలిగింది, అలగనీ. వచ్చే నెల తేదీ నీ ఫొటో కింద గోడ మీద సుద్దతో రాశాను. రోజూ దీపం పెడుతూ చూస్తాను.