ముందున్న తొమ్మిది

కంప్యూటరు పండితులైన బావగారికి, మీ లెక్కలో ఓనమాలు రాని మరదలు రాస్తున్నది.

మా యూనిక్స్ కంప్యూటర్లో ఇంటర్నెట్టుకి ఫోన్ కలిపే ఆదేశాల స్క్రిప్టు మీ ఆఫీసు నుంచి తెచ్చిపెట్టి, "ముట్టుకోకు, నీకర్థం కాదు" అన్నారు. మేమూ వాపు చూసి బలుపనుకున్నాం. మీ ఆఫీసులో బయటికి ఫోన్ చెయ్యాలంటే ముందు తొమ్మిది నొక్కాలి. మా ఇంట్లో దేనికండీ? ఆ తొమ్మిది చేరి నంబరే మారిపోయి మోడెం వారం రోజులు ఎవరో ముసలావిడకి ఫోన్ చేసి చెవిలో కీచుమంది. కలవకపోతే నిమిషానికోసారి మళ్ళీ చెయ్యమని కూడా రాశారు, ఏం తెలివి! ఆస్పత్రిలో ఉన్న కొడుకు కబురేమోనని, మోకాళ్ళరిగిన ఆ మనిషి ప్రతిసారీ పరిగెత్తిందట.

ఎక్స్ఛేంజిలో కనుక్కుని నిన్న మా గుమ్మం ఎక్కింది. తొమ్మిది నేనే తీసేశాను, అర నిమిషం పట్టింది. ఇది రాసిన మహానుభావుడెవరని ఆవిడ అడిగితే మీ ఇంటి నంబరిచ్చాను.

మోగుతుంటే ఎత్తండి.