ఆకుపచ్చ కారు ఎవరికీ రాయడం లేదు

మా వీధిలో అందరూ షెడ్డమ్మ అని పిలిచే నేను, యాభై ఏళ్ల దాన్ని, హైస్కూలు దాకా చదువుకున్నదాన్ని, పాత జపాను కార్లు కొని అమ్మిన కీర్తిశేషుల భార్యను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతం గాని, బెదిరింపు గాని, మొహమాటం గాని లేకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. మొహమాటం అనే మాట వీలునామాల్లో ఉండదని లాయరుగారు అన్నారు. ఉండనివ్వండి అన్నాను. నన్ను జీవితంలో బెదిరించినవాళ్లు తక్కువ, మొహమాటపెట్టి పని జరుపుకున్నవాళ్లే ఎక్కువ.

ఎన్నడూ కలం పట్టనిదాన్ని ఇప్పుడెందుకు పట్టానో ముందు చెప్పాలి. గురువారం నాకు గుండె ఆపరేషన్. పోయిన ఆదివారం మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పళ్ల సంచితో పాటు టైపు చేయించిన వీలునామా ఒకటి పట్టుకొచ్చారు. "నువ్వేం శ్రమపడకమ్మా, పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట సంతకం చెయ్యి, చాలు" అన్నారు. చదివి చేస్తానన్నాను. "చదవడానికేముంది, అంతా నీ పిల్లలకేగా" అని నవ్వారు. ఆయన వెళ్లాక చదివాను. షెడ్డులో ఉన్న ఆకుపచ్చ కారు కూడా నా ఆస్తేనని అందులో రాయించారు. అది నాది కాదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. పళ్లు పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను. ఆ కాగితాలను షెడ్డులో ఇంజనాయిలు కారేచోట పరిచాను. బాగా పీల్చుకుంటున్నాయి.

ఇంతకుముందు నేను రాసినట్టు గాని, రాయించినట్టు గాని ఎవరైనా ఏ కాగితం చూపించినా అది చెల్లదు. ఇదే నా మొదటిది, ఇదే చివరిది.

1. నేను ఉంటున్న ఇల్లు, అంటే షెడ్డు పైనున్న రెండు గదులు, వంటగది, వెనకవైపు మెట్లు, సర్వహక్కులతో మా పెద్దమ్మాయికి చెందాలి. కింద షెడ్డు ఎవరి చేతిలో ఉన్నా, ఆ మెట్లకు అడ్డంగా టైర్లు పేర్చకూడదు. ఇది వాళ్ల నాన్నతో నేను నెగ్గని పోరు. ఆయన పోయారు కాబట్టి ఇప్పుడు నెగ్గుతున్నాను.

2. నా అయస్కాంతం కూడా పెద్దమ్మాయికే. జేబురుమాల్లో చుట్టి, అద్దం ముందున్న డబ్బాలో పెట్టాను. కారు తలుపుల కింది అంచున దాన్ని ఆనించి జరిపితే, రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ పూసి రంగేసిన చోట జారిపోతుంది. అది జారిన ప్రతిచోటా నేను ధర తగ్గించాను. మనుషుల మీద పనిచేయదు, అదొక్కటే దాని లోపం.

3. మా తోడికోడలికి నా ఊదారంగు శాలువా. నాకది నప్పలేదని ఆవిడ కనిపించినప్పుడల్లా చెప్పింది. ఇక చెప్పే శ్రమ ఉండదు.

4. మా వ్యాపారం ఎలాంటిదో తెలియనివాళ్లు దీన్ని చదవాల్సి రావచ్చు కాబట్టి ఇక్కడ కొంచెం రాస్తున్నాను. ఎవరి పెరట్లోనో, గోడౌన్లోనో ఏళ్లకేళ్లు పడి ఉన్న జపాను కార్లను ఉన్నవి ఉన్నట్టే కొని తెచ్చేవాళ్లం. ఒక్కోదాని ముందద్దం మీద సుద్దతో రెండు ధరలు రాసేవాళ్లం. పైది, ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్తే. కిందిది, మేం బాగుచేసి ఇస్తే. కింది ధర కట్టినవాళ్ల పేరున ఆ రోజే కారు రాసిచ్చేసి, పని అయ్యేదాకా షెడ్డులో ఉంచుకునేవాళ్లం. అంటే వాళ్లు మా దగ్గర కొన్నది సగం ఇనుము, సగం మాట.

మా ఆయన కొనడానికి వచ్చినవాడి మొహం చూసి ధర చెప్పేవారు. నేను కారు కింద పడుకుని, చాపలు ఎత్తి, అడుగు రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి చెప్పేదాన్ని. రెండింటికీ మధ్య ఎక్కడో బేరం తెగేది. ధర నాది, మాట ఆయనది. "రెండు నెలలు ఆగండి సార్, కొత్త పెళ్లికూతుర్ని చేసి పంపిస్తా" అనేవారు. మంచివాడు. ఆయన రెండు నెలలు ఏ క్యాలెండరులోనూ దొరికేవి కావు.

ఆయన పోయిన వారంలోనే మా బావగారు తడిగుడ్డ పట్టుకుని వచ్చి, ప్రతి అద్దం మీదా కింది ధర తుడిచేశారు. "మాటిచ్చినవాడు వెళ్లిపోయాడు. ఇంక ఆ మాట ఎవరిదమ్మా?" అన్నారు. నాకు గొంతు పెంచడం రాదు. ఆయన స్కూటరు మలుపు తిరిగాక సుద్ద తీసుకుని అన్నింటి మీదా మళ్లీ రాశాను, ఈసారి పెద్ద అంకెలతో. దేవుడి పటాల ముందు దీపం పెట్టి, మా ఆయన ఇచ్చిన మాటలన్నీ ఇక నావని చెప్పుకున్నాను. వెల్డింగు మేస్త్రి, సీట్లు కుట్టే అక్క నాతో నిలబడ్డారు. మాటకు బాకీపడ్డ కార్లన్నీ ఒక్కొక్కటే గేటు దాటాయి. ఒక్క ఆకుపచ్చది మిగిలింది.

5. ఆ రోజు అద్దాలు తుడిచిన గుడ్డను ఉతికి, మడతపెట్టి, నా బీరువా కింది అరలో ఉంచాను. అది మా బావగారికి చెందాలి. నా ఆస్తిలో ఆయన వాటా అంతే.

6. ఆకుపచ్చ కారును నేను ఎవరికీ రాయడం లేదు. రాయడానికి అది నాది కాదు.

అది రెండు తలుపుల కారు. వెనక చూసుకునే అద్దాలు తలుపుల మీద ఉండవు, ముందు చక్రాల పైరేకు మీద కొమ్ముల్లా నిలబడి ఉంటాయి. దాన్ని కింది ధర పూర్తిగా కట్టి కొన్నది ఆఫీసు భవనంలో పనిచేసి రిటైరైన లిఫ్టు ఆపరేటరు. "ఉద్యోగమంతా పైకీ కిందికీ తిరిగానమ్మా. ఒక్కసారి ముందుకు వెళ్లాలని ఉంది" అన్నాడు కొన్న రోజున. మా ఆయన మామూలుగానే రెండు నెలలన్నారు. తర్వాత వెనక లైటు అద్దాలు దొరకలేదన్నారు, ముందద్దం రబ్బరు దొరకలేదన్నారు, రేపన్నారు. టార్పాలిన్ కింద ఆ కారుకు ఒక్క మర కూడా ఊడలేదు.

ఈలోగా లోకం తిరగబడింది. ఇప్పుడు డబ్బున్నవాళ్లకు ముట్టుకోని కార్లు కావాలట. ఎండకు వెలిసిన మొదటి రంగు, చిరిగిన మొదటి సీటు, అలాగే ఉంటే ఎక్కువ ధర. పాత కార్లు సేకరించే ఒకాయన తెల్లబూట్లు వేసుకుని వచ్చి ఆకుపచ్చ కారు చుట్టూ తిరిగాడు. మేస్త్రి మర్యాదకు బానెట్టు తుడవబోతే "అయ్యో, దుమ్ము ముట్టుకోకు" అని చెయ్యి పట్టుకున్నాడు. దుమ్ముకు కూడా ధర కట్టిన మనిషిని మేస్త్రి చూడటం అదే మొదటిసారి. మా కింది ధరకు మూడింతలు ఇస్తానన్నాడు, షరతు ఒక్కటే, ఎవరూ బాగుచేయకూడదు. మా ఆయన బద్ధకం అంత విలువ పెంచింది. దేవుడి లీలలు ఇలాగే ఉంటాయి.

ఆ రోజు నుంచి ఇంట్లో నాకు శాంతి లేదు. బావగారు "లిఫ్టువాడి డబ్బు వడ్డీతో సహా పారేద్దాం, నోరు మూసుకుంటాడు" అన్నారు. దానికి నేను బాధపడలేదు, ఆయన నోటి వెంట అంతకంటే మంచిది ఎప్పుడూ వినలేదు. మా చిన్నవాడు, నా కొడుకు, నా పక్కన కూర్చుని, అన్నం కలుపుకుంటూ అన్నాడు: "ఇంకో పచ్చ కారు చూసి, మెరిపించి ఇచ్చేద్దామమ్మా. పెద్దాయనకేం తేడా తెలుస్తుంది?" నేను నా కంచం పక్కకు జరిపేశాను. వాడిది వాళ్ల నాన్న గొంతే. కానీ వాళ్ల నాన్న మాట ఆలస్యం చేశారు గాని, ఎదుటివాడికి తెలియదులే అని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు పూజ కాగానే లిఫ్టాయన ఇంటికి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: బాబుగారూ, మీ కారు ఇప్పుడు ముట్టుకోకుండా అమ్మితే మూడింతలు వస్తుంది, కారు మీది కాబట్టి లాభం కూడా మీదే, మేం ముట్టుకుంటే ఆ విలువ పోతుంది. ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "అమ్ముకోడానికైతే ఇన్నాళ్లు ఎందుకు ఎదురుచూస్తానమ్మా? మీకు వీలైతే రంగు కొత్తగా వెయ్యండి. మెరవాలి" అన్నాడు. తెల్లబూట్లాయన వింటే పడిపోయేవాడు.

నేను వెళ్లి చెప్పేశానని తెలిసి బావగారు వీధిలో నిలబడి "నోట్లో నాలుక లేదనుకుంటే, ఇల్లు ముంచే నాలుకే ఉంది" అన్నారు. ఉంది. మెత్తగా ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు.

కాబట్టి ఆ కారు విషయంలో నా ఆదేశం ఇది. అడుగు రేకు వెల్డింగు అయింది, ఇంజను సిద్ధం. ముందద్దం రబ్బరు, లైటు అద్దాలు నేను వెతికి సంపాదించాను, పెట్టె మీద రాసి ఉంది. మిగిలినవి సీట్లు, రంగు. ఆ కూలికి సరిపడా బ్యాంకులో విడిగా వేశాను, దాన్ని ఇంకే ఖర్చుకూ వాడకూడదు. రంగు ఫ్యాక్టరీలో వేసిన పచ్చే, మెరిసేలా. కారు ముందు అరలో ఒక చిన్న గుడ్డసంచి దొరికింది, జపాను అక్షరాలతో, లోపల ఏదో కాగితం. పాత యజమాని ప్రయాణంలో రక్షగా పెట్టుకున్నదై ఉంటుంది. ఎవరి దేవుడైనా దేవుడే అని మా పటాల దగ్గర ఉంచి రోజూ దణ్ణం పెట్టుకున్నాను. దాన్ని తిరిగి అదే అరలో పెట్టి ఇవ్వాలి.

7. షెడ్డు, పనిముట్లు, మాకు సొంతమైన మిగతా కార్లు నా కొడుకుకు చెందుతాయి. అయితే లిఫ్టాయన తన ఆకుపచ్చ కారును తానే నడుపుకుంటూ గేటు దాటిన రోజునే ఆ హక్కు వాడికి వస్తుంది. ఆ కారును వాడు గాని, వాడి తరఫున మరొకరు గాని అమ్మినా, మార్చినా, లిఫ్టాయనను డబ్బు తీసుకోమని ఒప్పించినా, షెడ్డు మొత్తం వెల్డింగు మేస్త్రికి దఖలు పడుతుంది. "మరీ ఇంత కఠినంగానా, కన్నకొడుక్కి?" అని లాయరుగారు అడిగారు. వాడు కన్నకొడుకు కాబట్టే అన్నాను. పరాయివాడైతే వదిలేసేదాన్ని.

8. ఏ షరతూ లేకుండా వాడికి ఇంకొకటి ఇస్తున్నాను. మేం మొదట బాగుచేసిన తెల్ల వ్యాను వెనక సీటు. వాడు పసివాడప్పుడు, కింద సుత్తి దెబ్బలు మోగుతుంటే, వాడికి నిద్ర పట్టేది ఆ సీటు మీదే. ఆ వ్యాను అమ్మే రోజు నేను సీటు విప్పి దాచేసి, సీట్లక్క చేత కొన్నవాళ్లకు కొత్తది కుట్టించాను. స్ప్రింగులు పోయాయి. కుడివైపు వాడి పాలమరక ఉంది. బాగుచేయించవద్దు.

9. మేస్త్రికి మా ఆయన తోలు చేతితొడుగులు, నా రేడియో. ఆయన పాటలు తప్పుగా పాడతాడు. పాడనివ్వండి.

10. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత సీట్లు కుట్టే అక్కది. ఆవిడకు నేను రాసిస్తున్నది ఏమీ లేదు, ఇస్తే తీసుకోదు. నేను ఆపరేషన్ నుంచి లేచి వస్తే, ఆ రంగు నేనే దగ్గరుండి వేయిస్తాను. లేకపోతే అక్కా, నువ్వు వేయించు. దేవుడి మీద నాకు నమ్మకం ఉంది గనక భయం లేదు. బావగారి మీద కూడా నమ్మకం ఉంది గనకే ఇదంతా రాశాను.

అక్కా, ఈ కాగితాలు నీ కుట్టుమిషను సొరుగులో భద్రంగా ఉంచు. చట్టానికి అవసరమైన రోజున నా పిల్లలకు, లాయరుగారికి చూపించు. లిఫ్టాయనకు మాత్రం ఏ రోజునా చూపించకు, చెప్పకు. తన కారు కోసం ఒక ఇంట్లో తల్లీకొడుకులకు పడలేదని తెలిస్తే ఆయన ఆ కారు ఎక్కడు. లిఫ్టులోకి ఎవరు వచ్చినా గోడకు ఒదిగి చోటివ్వడం ఆయనకు ఉద్యోగమంతా అలవాటు. ఈసారి ఆయన ఒదగకూడదు. దాచు, చూపించకు.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం.

సంతకం: షెడ్డమ్మ

సాక్షులు:
మందుల షాపాయన
ఎదురింటి గడియారాల రిపేరాయన
(ఆవిడ మా ఎదుటే సంతకం చేశారు. లోపల ఏం రాశారో మేం చదవలేదు, ఆవిడ చదవనివ్వలేదు.)