ఎవరూ కొనకూడదని పెట్టిన ధర

ఒరే చిన్నోడా,

మన ఆన్‌లైన్ దుకాణంలో ఏఐ ఏజెంటు తప్పు చేసిందన్నావు. తప్పు దానిది కాదు. ధరలు మార్చే ఏపీఐ తాళాలు దాని చేతికిచ్చి, ఏడాదిగా అమ్ముడుపోని వాటికి సగం ధర పెట్టమన్నది నువ్వు. అది తు.చ. తప్పకుండా పెట్టింది. ధర సగమయ్యేసరికి నీలం బొంతను ఎవరో ఆవిడ కొనేసింది.

ఆ నీలం బొంత మిగిలిపోయిన సరుకు కాదురా. పోయేముందు మీ అమ్మ కుట్టిన ఆఖరిది. అమ్మడం ఇష్టం లేకే ఎవరూ కొనలేని ధర పెట్టింది. "అయితే తీసెయ్యొచ్చుగా అమ్మాయ్" అన్నాను. "కొట్లో ఉంటే నలుగురూ చూస్తారు కదత్తయ్యా" అంది.

పార్సెల్ ఇంకా కొరియర్ ఆఫీసులోనే ఉందట. పొద్దున్నే రసీదు పట్టుకెళ్లి వెనక్కి తీసుకురా. కొన్నావిడకు డబ్బు తిప్పి పంపు. క్షమించమని నువ్వే రాయి, ఏజెంటుకు పురమాయించకు.

మీ నానమ్మ