అక్కయ్యకి దొరికిన మ్యాన్

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య ఆశీస్సులు. మరదలికి కూడా, నీకంటే కాస్త ఎక్కువే.

నేను కులాసా. జ్వరం పూర్తిగా పోయింది. పోతూ పోతూ బుర్రలోంచి ఏమేం పట్టుకుపోయిందో రోజుకొకటి బయటపడుతోంది. మీరంతా గుర్తున్నారు, అప్పడాల కర్ర ఎక్కడుందో గుర్తుంది. పాల డెయిరీలో ఇన్నేళ్ళు కంప్యూటర్లు చూసినదాన్ని, ఆ విద్యే తుడిచిపెట్టుకుపోయింది. ఫోన్లో మాటల కోసం తడుముకుంటున్నాను. చేత్తో రాస్తే నిదానంగా వస్తాయంది డాక్టరమ్మ. కాబట్టి చదవక నీకు తప్పదు.

ఆస్పత్రిలో ఇచ్చిన మాట మర్చిపోలేదు. నెలాఖరుకి మేనేజరు పెట్టే పరీక్షలో డెయిరీ కంప్యూటర్ ముందు కూర్చుని నా పని నేను చేసుకోలేకపోతే, ఇంటికి తాళం వేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. నువ్వంటే ఇష్టం లేక కాదురా. నా తలుపు నేనే తీసుకోవాలని ఆశ.

డెయిరీ కంప్యూటర్లని నడిపేది లినక్స్, సాధనకని అదే ఉన్న పాత కంప్యూటరొకటి ఇంటికి తెచ్చుకున్నాను. బొమ్మలుండవు, ఒట్టి నల్ల తెర. ఏం కావాలో కమాండ్ టైపు కొట్టాలి. కమాండ్ తెలియకపోతే గోడకి చెప్పుకున్నట్టే. అదృష్టం కొద్దీ అందులో మ్యాన్ అని ఒక కమాండ్ ఉంది, మాన్యువల్‌కి పొట్టిపేరు. మ్యాన్ అని కొట్టి పక్కన తెలియని మాట కొడితే, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెర మీద పరుస్తుంది.

ఇక మ్యాన్ ఉన్నాడు, నాకేం భయం? పొద్దస్తమానం అతనితోనే కాలక్షేపం. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. ఎదురు ప్రశ్న వేయడు. కాకపోతే మహా పొడుగు.

ఇట్లు,
సగం ఖాళీ అయిన మీ అక్కయ్య

తా.క. నిన్న భోజనం కూడా అతని ముందే చేశాను. కంచం ఖాళీ అయింది కానీ అతను చెప్పేది అవలేదు.

* * *

అక్కయ్యకి,

తమ్ముడు వంగి నమస్కరించి రాసేది. నడుం పట్టేసింది కాబట్టి సగమే వంగాను.

నీ ఉత్తరం మీ మరదలు చదువుతుంటే నేను కుట్టుమిషన్ తొక్కుతూ విన్నాను. లినక్స్ దగ్గర దానికి ఆవలింతలొచ్చి, ఆ పేరా వదిలేసి కిందికి దూకింది. ఆ గోల మాకెందుకులే. కానీ కింద నువ్వు రాసింది విని మిషన్ ఆపేశాను. ఇంకోసారి చదివించుకున్నాను.

పెద్దదానివి, ఆయన పేరు రాయడానికి మొహమాటపడ్డావు కాబోలు. ఆయన సంగతి మా దగ్గర దాచడమెందుకు అక్కయ్యా? ఈ వయసులో ఓ తోడుంటే తప్పేముంది? ఆయన ఉన్నారని తెలిసి నా బెంగ సగం తీరింది. ఇంక నెలాఖరు మాట ఎత్తను. కానీ ఒకటి. డెయిరీ పని మర్చిపోయావు, పోనీ. ఆయన్ని కూడా మర్చిపోయే పరిస్థితి వస్తే మాత్రం మరుక్షణం వచ్చి తీసుకెళ్ళిపోతాను.

ఇట్లు,
తేలికపడ్డ నీ తమ్ముడు

తా.క. ఆయనకి కాఫీనా, టీనా అని మరదలు అడుగుతోంది. షర్టు కొలతెంత అని నేను అడుగుతున్నాను.

* * *

తమ్ముడికి ఆశీస్సులు.

నేను కులాసా. ఆయన కూడా కులాసాయే. నాకు ఆయన గుర్తుండకపోవడమేమిటి? శుభ్రంగా గుర్తున్నారు. ఎవరైనా ఆయన్ని మర్చిపోతారా?

కాకపోతే అప్పుడప్పుడు జ్ఞాపకాలకి పరీక్ష పెట్టుకోమంది డాక్టరమ్మ. అందుకని ఆయన గురించి నీకు ఏమేం తెలుసో రాయి, నేను తప్పులు దిద్దుతాను. మీసం ఉందా, ఏం పని చేస్తారు, నేనూ ఆయనా ఏమైనా పోట్లాడుకున్నామా, ఇలాంటివి. వివరంగా రాయి.

కాఫీ, టీ రెండూ తాగుతారు, రోజుని బట్టి. షర్టు కొలత మామూలుగా మగవాళ్ళకి ఉండేదే. ప్రస్తుతం ఇంట్లో లేరు. నేను బీరువా అంతా దింపి సర్దుతున్నాను, పరుపులెత్తి చూస్తున్నాను. ఊరికే, దుమ్ము కోసం. తలుపు వెనక మగవాళ్ళ గొడుగొకటి దొరికింది. నాకేం ఆశ్చర్యం వేయలేదు.

ఇట్లు,
అన్నీ గుర్తున్న అక్కయ్య

తా.క. మేమిద్దరం మొదట ఎక్కడ కలిశామో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. నీకుందో లేదోనని.

* * *

అక్కయ్యకి నమస్కారాలు, ఈసారి పూర్తిగా వంగి.

భలేదానివే! నేనాయన్ని చూస్తే కదా చెప్పడానికి? నువ్వు రాసిందే నాకు తెలుసు. మనిషి మహా పొడుగు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు. ఎదురు ప్రశ్న వేయరు. ఈ చివరి రెండు ముక్కలూ మీ మరదలు రోజూ అన్నం వడ్డిస్తూ నాకు చదివి వినిపిస్తోంది.

పొడుగన్నావని చేతులు ఓ అంగుళం ఎక్కువ పెట్టి షర్టు కుట్టేస్తున్నాను. ఈ ఆదివారం మేమిద్దరం వస్తున్నాం, ఆయన్ని ఎక్కడికీ వెళ్ళనివ్వకు. బావగారూ అని పిలవనా, సార్ అననా? ఆయన్ని కళ్ళారా చూసి, నిన్ను ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళిపోతాను. ఒకవేళ ఆయన కనిపించకపోతే నువ్వే మాతో రావాలి. సామాన్లకి వ్యాను మాట్లాడి ఉంచాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఆయనకి పొట్ట ఉందా? గుండీల దగ్గర ఆగిపోయాను.

* * *

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత. ముందు గుండీలు ఆపు.

నేను అబద్ధమాడాను. ఆయన నాకు గుర్తులేడు. ఆ మాట ఒప్పుకుంటే తీసుకెళ్ళిపోతావని భయపడ్డాను. అంత ఓపికమంతుణ్ణి ఎలా మర్చిపోయానా అని కూర్చుని ఏడ్చాను కూడా. గొడుగు ఎదురింటాయనదట, వానలో నేనే అడిగి తెచ్చుకున్నానట. ఎదురింటాయన నా భుజం దాకానే ఉంటాడు, నువ్వు రాసిన పొడుగాయన కాదు.

బీరువాలో లేనివాడు కంప్యూటర్లో ఉంటాడని డెయిరీకి వెళ్ళాను. అన్నేళ్ళు అక్కడే గడిపినదాన్ని, ఓ ఫొటో అయినా దాచుకోనా? ఫైళ్ళెలా వెతకాలో మ్యాన్‌ని అడిగాను. ఫైళ్ళ లోపల మాటలెలా వెతకాలో అడిగాను. తాళం పడ్డవి ఎలా తెరవాలో అడిగాను. ఎక్కడా లేడు. ఆ కంప్యూటర్ వాడేవాళ్ళ పేర్ల పట్టీ తీశాను. నాకు కళ్ళు తిరిగాయి. ఒక్కడు కాదురా, పాతికమంది! ఒకడు డీమన్ అట, ఒకడు గేమ్స్ అట. కంప్యూటర్ తన సొంత పనులకి పెట్టుకున్న ఉత్తుత్తి మనుషులట వీళ్ళంతా. వాళ్ళలో ఒకడి పేరు నోబడీ. ఎవరూ కాదు!

అప్పుడు వెలిగింది. నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పొడుగు, విసుక్కోడు, ఎదురు ప్రశ్న వేయడు. ఒరేయ్, అతను మనిషి కాదురా, మాన్యువల్! మరదలు ఆవలించి దాటేసిన పేరాలో ఉన్నాడు!

నేను నవ్విన నవ్వుకి పాల కేన్లు మోసేవాళ్ళు తొంగిచూశారు. తిరిగి చూస్తే వెనక మేనేజరు. చాలాసేపటి నుంచి చూస్తున్నాడట. మధ్యలో పాల ట్యాంకుల చల్లదనం చూసే ప్రోగ్రాం ఆగిపోతే, అడ్డం వచ్చిందని విసుక్కుంటూ దాన్ని నేనే సరిచేసేశానట. నాకు తెలియనే తెలియదు. "ఇంక పరీక్ష ఎందుకమ్మా, రేపట్నుంచి వచ్చేయండి" అన్నాడు. లేని మనిషిని వెతకబోతే ఉన్న ఉద్యోగం దొరికింది.

ఆయన కనిపించకపోతే రావాలన్నావు. రాను. ఆయన్ని వెతికిన మనిషి ఒకర్తె ఉంది, ఆవిడ చాలు నాకు. వ్యాను వద్దని చెప్పు. మీరిద్దరూ మాత్రం ఆదివారం తప్పకుండా రండి. నిన్ను చూడాలని ఉందిరా. ఇది మళ్ళీ నేర్చుకున్నది కాదు, ఏ జ్వరానికీ పోనిది.

ఇట్లు,
నీ అక్కయ్య, పాల డెయిరీ కంప్యూటర్ విభాగం

తా.క. ఇది మరదలికి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని మగాడు ఎక్కడైనా ఉంటాడేమోనని ఆశపడకు. లేకే కదమ్మా, తయారు చేసుకోవాల్సి వచ్చింది!